మాస్టారు చూపించిన మసక మచ్చ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1986 పదో తరగతి బ్యాచ్. "రాత్రుళ్లు పెరట్లో టెలిస్కోపు పెట్టుకుని ఏదో చేస్తుంటారటగా, దాని గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు కార్యదర్శి గారు. పది నిమిషాల్లోనే ముగిస్తాను. వంటల వాసన నాకూ వస్తోంది.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక జనవరి రాత్రి మన సైన్సు మాస్టారు మమ్మల్ని గ్రౌండులో వెల్లకిలా పడుకోబెట్టి ఒరియన్ చూపించారు. అదిగో ఆ ఎర్రటిది ఆరుద్ర నక్షత్రం అన్నారు. నడుము దగ్గర మూడు చుక్కలు, వాటి కింద వేలాడే కత్తి, ఆ కత్తి మధ్యలో మసకగా ఒక మచ్చ. "అది చుక్క కాదర్రా, వాయువుల మబ్బు. అందులో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి" అన్నారు. అది దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మా దగ్గర టెలిస్కోపు లేదు, బైనాక్యులర్లు లేవు. ఉత్త కళ్లతోనే చూశాం.

ఇప్పుడు నా ఇల్లు హైదరాబాదు శివార్లలో. పెరట్లో మామిడి చెట్టుకీ బట్టలారేసే తీగకీ మధ్య కాస్త జాగా. అక్కడ 80 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు, భూమి తిరిగే వేగానికి తగ్గట్టు దాన్ని తిప్పే మోటారు స్టాండు, ఒక నలుపు-తెలుపు కెమెరా. స్టాండును ధ్రువనక్షత్రం వైపు సరిచెయ్యాలి. మన దగ్గర అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. సరిగ్గా అక్కడే పక్కింటివారి నీళ్ల ట్యాంకు! వేరే చుక్కలతో లెక్కవేసి సరిచేసుకోవడం నేర్చుకోవలసి వచ్చింది.

ఒరియన్ నడుము దగ్గరే గుర్రపుతల నీహారిక ఉంది. వెనకాల హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతుంటే, దాని ముందు ధూళి మేఘం నల్లగా గుర్రం తల ఆకారంలో కనబడుతుంది. 1888లో హార్వర్డు అబ్జర్వేటరీ ఫోటో ప్లేటు మీద దాన్ని మొదట గుర్తించింది విలియమీనా ఫ్లెమింగ్. అంతకుముందు ఆవిడ ఆ అబ్జర్వేటరీ డైరెక్టరు ఇంట్లో పనిమనిషి. టీచర్లు ఈ సంగతి మన ఆడపిల్లలకు తప్పక చెప్పాలి.

హైడ్రోజన్ వెలుగు 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని మాత్రమే రానిచ్చే ఫిల్టరు పెడితే వీధిలైట్ల వెలుగు చాలావరకు ఆగిపోతుంది. ఒక్కో ఫోటోకు అయిదు నిమిషాలు. మూడు రాత్రుల్లో 96 ఫోటోలు, అంటే ఎనిమిది గంటల వెలుగు. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చాలి. నాలుగు రెట్లు ఫోటోలు తీస్తే గాని బొమ్మలో గరుకు సగానికి తగ్గదు. అంతా అయ్యాక చూపిస్తే, "మూడు రాత్రులు కాపలా కాసి తెచ్చింది ఈ గుర్రం బుర్రేనా?" అంది మా ఆవిడ. ఆ ఫోటో ఫ్రేము కట్టించి మన లైబ్రరీకి ఇచ్చాను.

ఇక అసలు సంగతి. నిన్న రాత్రి మాస్టారిని గ్రౌండుకు తీసుకెళ్లాను. ఆయనకు ఎనభై దాటాయి, శుక్లాల ఆపరేషన్ అయింది. చాలాసేపు తలెత్తి చూసి, "కత్తి కనబడ్డంలేదురా. ఆపరేషన్ సరిగ్గా కుదిరినట్టు లేదు" అన్నారు.

ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. నాకూ కనబడలేదు. గ్రౌండు చుట్టూ స్తంభాల మీద తెల్లటి ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు. ఆరేళ్ల కిందట మన సంఘం ఇచ్చినవే. చందాలు పోగుచేసిందీ నేనే, ఏ లైట్లు కొనాలో, ఎలా బిగించాలో రాసిచ్చిందీ నేనే. విద్యుత్ ఇంజనీరునై ఉండి, మొహం పైకెత్తి బిగించిన లైటు ఆకాశాన్ని కూడా వెలిగిస్తుందని ఆలోచించలేదు. నా కెమెరాకు ఫిల్టరుంది. ఈ బడి పిల్లల కళ్లకు లేదు. తప్పు నాదేనని మాస్టారికి అక్కడే చెప్పాను. "అయితే ఆర్పరా" అన్నారాయన.

లైట్లు తీసెయ్యమనడం లేదు. సాయంత్రం పిల్లలు కబడ్డీ ఆడుకోవాలి. వాటిని కిందికి వంచి, పైన రేకు టోపీలు వేయించి, ఆట అయ్యాక ఆర్పేలా టైమర్లు పెట్టిస్తాను. ఖర్చు నాది. కమిటీ ఒప్పుకుంటే చాలు.

ఈ రాత్రి భోజనాలయ్యాక గంటసేపు లైట్లు ఆర్పడానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. చంద్రుడు అర్ధరాత్రి దాటితే గాని రాడు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, దయచేసి సెల్‌ఫోన్ టార్చీలు వెయ్యకండి. మాస్టారికి గ్రౌండు మధ్యలో పడక్కుర్చీ వేయించాను. మిగతావాళ్లకు జంపఖానాలున్నాయి.