చైత్రమాసంలో అడవి నడక



పంచాంగ శ్రవణమైనది, పచ్చడి తిన్నాము. పొరుగున మరాఠీవారు ముంగిళ్ళలో గుడి నిలబెట్టారు. వారికీ ఈ రోజే సంవత్సరాది, వారూ వేపాకు నములుతారు. వసంతాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను లేవదీశారు. కవిత్వం నాకు చేతకాదు గనుక కాలినడకను గురించి చెబుతాను.

కెనడాలో స్థిరపడిన మనవారికి చాలా సంవత్సరాలు ఉగాది మంచు పూర్తిగా కరగకముందే వస్తుంది. త్రోవలు తేలగానే పిల్లాపాపలతో కొండలకు, చెరువులకు బయలుదేరుతారు. అక్కడ వసంతమంటే ఆకు రావడం. మన అహేరిలో సంగతి తలక్రిందులు. ఫాల్గుణానికి టేకు ఆకు రాల్చి నిలుస్తుంది, మోదుగ ఆకు లేకుండానే పూస్తుంది. వర్షాకాలంలో పది గజాలు కనబడని అడవిలో ఇప్పుడు చూపు ఎంతో దూరం పోతుంది. పిట్టలను చూడడానికి ఇదే అదను. నీడ మాత్రం ఉండదు. తొమ్మిది దాటక ముందే ఇల్లు చేరాలి.

చూడడానికి ఏమున్నది అంటారు. ఆలాపల్లి నుండి భామ్రాగడ్ పోయే దారిలో 6 హెక్టార్ల పాత అడవిని నరకకుండా ఉంచారు; 2014లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. సిరోంచ వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, ఎదుట కాళేశ్వరం. ఆ తాలూకాలోనే వడధం వద్ద చెట్ల మొదళ్ళు రాయిగా మారి పడి ఉన్నాయి. బరాపాసారస్ అనే మహాకాయపు జంతువు ఎముకలు దొరికినదీ ఆ తాలూకా నేలలోనే. 'పెద్ద కాలు' అని అర్థం వచ్చేటట్లు, రవీంద్రుని పేరు కూడా చేర్చి, 1975లో దానికి నామకరణం చేశారు. ఆ అస్థిపంజరాన్ని చూడాలంటే కలకత్తా పోవాలి. అది దొరికిన నేల మనకు బస్సు దూరం, అయినా మనలో ఎందరు వెళ్ళారు? అడవి అంటే మనవారికి ఏళ్ళ తరబడి భయం. ఆ భయానికి కారణాలు ఉండేవి, కాదనను. కాని పిల్లలు ఇక్కడ పుట్టి, ఇక్కడ చదివి, ఇప్పచెట్టును గుర్తుపట్టలేకపోవడం నాకు కష్టంగా ఉన్నది.

ఇప్పచెట్టు మాట వచ్చింది గనుక అసలు సంగతి చెబుతాను. మనం షికారు పోదామనుకునే ఈ రోజులే మాడియా గోండులకు కోత రోజులవంటివి. ఇప్పపువ్వు రాత్రి నుండి తెల్లవారే దాకా రాలుతుంది. ఇంటిల్లిపాదీ గంపలతో చెట్టు క్రింద ఉంటారు. ఆ వెనుకనే తునికాకు వస్తుంది. ఏడాది ఖర్చులో మంచి భాగం ఈ రెండింటి మీదనే. అక్కడికి మనం పాటల పెట్టె పట్టుకొని పోవడం ఒకరి కళ్ళంలోకి చెప్పులతో దిగడం వంటిది.

నార్వే దేశంలో 1957 నుండి ఒక చట్టమున్నది. సాగులో లేని నేల మీద ఎవరైనా నడవవచ్చు. కాని కాపురమున్న ఇంటికి 150 మీటర్ల లోపల గుడారం వేయరాదు. ఏప్రిల్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు అడవిలో నిప్పు పెట్టరాదని కూడా అక్కడ నియమం. మంచు దేశంలోనే అంత జాగ్రత్త! మన అడవి ఇప్పుడు ఎండుటాకు పరుపు. పువ్వు ఏరడానికి వీలుగా చెట్టు క్రింద ఆకులు తగులబెట్టే అలవాటు కొందరికి ఉన్నది. నిప్పు అక్కడితో ఆగదు, వెదురు పిలకలు, టేకు మొలకలు, నేల మీది గూళ్ళు అన్నీ పోతాయి. చీపురుతో ఊడ్చి, పాత చీర పరచి ఏరేవారూ ఉన్నారు. వారికి చెప్పే ముందు మన చేతి సిగరెట్టు సంగతి చూచుకుందాం.

2006 నాటి అటవీ హక్కుల చట్టం తరువాత మన గడ్చిరోలి జిల్లాలోనే అనేక గ్రామసభలకు అడవిపై హక్కు వచ్చింది. మేండా లేఖా వీటిలో మొదటిది. కాబట్టి ఏ ఊరి అడవికి పోతే ఆ ఊరివారిని అడిగి, వారిలో ఒకరిని కూలి ఇచ్చి వెంట పెట్టుకోవాలి. మర్యాద ఒక్కటే కాదు, ప్రాణరక్షణ కూడా: ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి మహా ప్రీతి, తెల్లవారుజామున అదీ అక్కడే ఉంటుంది. పులి మాట చెప్పనక్కరలేదు. ప్రొద్దు పొడిచాకనే బయలుదేరుదాం.

వచ్చే ఆదివారం మొదటి నడక. వచ్చేవారు బయట బల్ల దగ్గర పేరు వ్రాయించండి. మనిషికి రెండు సీసాల నీళ్ళు, తలకు గుడ్డ. టీ ఇంటి దగ్గరే కాచి ఫ్లాస్కులో తెచ్చుకోండి. అక్కడ పొయ్యి వెలిగించేది లేదు.