పట్నంలో మనకు తెరిచి ఉన్న తలుపులు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన భాష గురించి, పండుగల గురించి, పోడు భూముల గురించి మా కంటే బాగా తెలిసినవాళ్లు ఇప్పటికే మాట్లాడారు. గిరిజన హాస్టళ్లలో పనిచేసే ఆడవాళ్లం మేము. మాకు ఒక చిన్న విషయం చెప్పుకోవాలని ఉంది. మన పిల్ల ఒంటరిగా, చేతిలో వందో రెండు వందలో పెట్టుకుని హైదరాబాద్‌లో బస్సు దిగితే ఆ రోజు ఎలా గడవాలి? వినడానికి చిన్న విషయమే గానీ, కష్టపడి తెచ్చుకున్న సీట్లు ఇక్కడే జారిపోతున్నాయి.

మా హాస్టళ్లలో చదివిన ఒక అమ్మాయికి పట్నంలో నర్సింగ్ సీటు వచ్చింది. ఇంటి దగ్గర పత్తి ఏరే రోజులు, తండ్రి వెంట రాలేకపోయాడు. పిల్ల రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి జేబీఎస్‌లో దిగింది. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ పదింటికి రమ్మన్నాడు. పదింటికి వెళితే చూడాల్సిన మేడమ్ ఇంకా రాలేదు, మధ్యాహ్నం రమ్మన్నారు. అప్పటిదాకా ఎక్కడ ఉండాలి? టిఫిన్ సెంటర్ ముందు నిలబడితే పక్కకు జరగమన్నారు. షాపు మెట్ల మీద కూర్చుంటే లేపారు. ఆ పిల్ల అలాగే జేబీఎస్‌కి వెళ్లి ఊరి బస్సెక్కేసింది. సీటు పోయింది. మేము దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే, "అక్కడ కూర్చోడానికి ఎక్కడా చోటు లేదు మేడమ్" అంది.

పెద్దలు ఒక సంగతి గమనించాలి. ఆ పిల్ల వెళ్లింది ఉచిత బస్సులో, వచ్చిందీ ఉచిత బస్సులోనే. ఇంటి దగ్గర ఇచ్చిన నూట ఎనభై రూపాయలు అలాగే తిరిగి తెచ్చింది. కాబట్టి ఆమెను వెనక్కి పంపింది డబ్బు లేకపోవడం కాదు. డబ్బు ఇవ్వకుండా నిలబడితే తప్పు చేసినట్టే అన్న భయం వెనక్కి పంపింది. ఈ భయం మన పిల్లల్లో చాలా మందికి ఉంది. మా తరానికీ ఉండేది. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో మేమూ ఒక్కొక్కరం ఒంటరిగానే పట్నం దిగాం, గోడల పక్కనుంచి నడిచాం.

మన కథల్లో మాత్రం ఈ భయం లేదు. కుమురం భీం ఊరు విడిచి చాందా వైపు వెళ్లాడని, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటల దాకా పోయి కూలి చేశాడని మన పెద్దలు చెబుతారు. చేతిలో ఏముందని వెళ్లాడు? దారిలో పని, దారిలోనే భాష, చదువు నేర్చుకున్నాడంటారు. నిజాంను కలిసి గోడు చెప్పుకుందామని హైదరాబాద్ వస్తే లోపలికి రానివ్వలేదని కూడా చెప్పుకుంటాం. 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చిన ఆ మనిషి విగ్రహం ఇవాళ అదే పట్నంలో ట్యాంక్‌బండ్ మీద ఉంది. మేము పిల్లలకు మొదట చెప్పేది ఇదే. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లే సిటీ బస్సెక్కండి, కిటికీలోంచి మన భీంను చూడండి, ఆ తర్వాత భయపడాలో వద్దో ఆలోచించండి అని.

నడక కూడా మనకు కొత్త కాదు. ఏటా నాగోబా పూజకు మెస్రం వంశంవాళ్లు కేస్లాపూర్ నుంచి గోదావరి ఒడ్డున హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి గంగాజలం తెస్తారు. దారిలో ఊరూరా ఆగుతారు, అన్నం ఎక్కడ, నిద్ర ఎక్కడ అన్నది ముందే తెలిసి నడుస్తారు. పట్నంలో కూడా కావలసింది అదే. ఎక్కడ ఆగవచ్చో ముందే తెలియాలి. మా పిల్లలకు మేము నేర్పుతున్నవి కొన్ని చెబుతాం.

మొదటిది బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో తెలంగాణ ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ తప్పకుండా తీసుకోవాలి. సూపర్ లగ్జరీ, డీలక్స్, ఏసీ బస్సుల్లో ఇది చెల్లదు. ఇంకో చిక్కు ఉంది. "మెట్రోలో ఫ్రీ" అని ఎవరో చెబితే పిల్లలు మెట్రో రైలు స్టేషన్ మెట్లెక్కుతున్నారు. ఫ్రీ ఉన్నది మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే సిటీ బస్సులో. రైలుకు టికెట్ కొనాలి. మగపిల్లలకు ఒక రోజంతా తిరిగే పాసు దొరుకుతుంది గానీ, మూడు నాలుగు బస్సులు మారే పని ఉంటేనే అది గిట్టుబాటు.

రాత్రి బస్సు నాలుగింటికో ఐదింటికో దింపేస్తుంది. అప్పుడే బయటికి రావద్దు. స్టేషన్‌లో వెలుగున్న చోట, ఎంక్వయిరీ కౌంటర్‌కు దగ్గరగా, పిల్లాపాపలతో ఉన్న కుటుంబాల పక్కన కూర్చోవాలి. తెల్లారాకే కదలాలి.

రెండోది తిండి. 2014 నుంచి పట్నంలో ఐదు రూపాయల భోజనం ఉంది. మొన్నటిదాకా అన్నపూర్ణ అనేవారు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అంటున్నారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెడతారు. పెద్దాసుపత్రుల దగ్గర, బస్టాపుల దగ్గర, విద్యార్థులు ఎక్కువగా ఉండే చోట్ల కనిపిస్తాయి. కొన్ని చోట్ల పొద్దున టిఫిన్ కూడా మొదలైంది. ఆ వరుసలో నిలబడటానికి మా పిల్లలు మొదట సిగ్గుపడతారు, బిచ్చం అనుకుంటారు. ఆ వరుసలో కూలీలు ఉంటారు, ఆటో అన్నలు ఉంటారు, గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఉంటారు. పేన్ పూజలో అందరం ఒకే వరుసలో కూర్చుని ఆకులో తింటాం కదా, అక్కడ ఎవరికి సిగ్గు?

ఈ విషయంలో మా కంటే పెద్ద గురువులు మన గూడేల్లోనే ఉన్నారు. పట్నం చూసొచ్చామనేవాళ్లలో చాలా మంది రోగుల వెంట వెళ్లినవాళ్లే. గాంధీ ఆసుపత్రిలో ముసలాయన పక్కన ఇరవై రోజులున్న ఒక అవ్వను మేము హాస్టల్‌కు పిలిచి పిల్లలతో మాట్లాడించాం. నీళ్లు ఏ కుళాయి దగ్గర పట్టుకోవాలి, చీర ఎక్కడ ఆరేసుకోవాలి, డబ్బులు ఎక్కడ దాచుకోవాలి, ఏ నర్సమ్మ విసుక్కోకుండా చెబుతుంది, అన్నీ గోండిలో చెప్పింది. పిల్లలు గంటసేపు కదల్లేదు. చదువు రాదు అని మనం అనుకునే ఆ అవ్వకు పట్నం మాకంటే బాగా తెలుసు.

మూడోది, ఆ నర్సింగ్ పిల్లకు దొరకనిది, కూర్చునే చోటు. దీనికి మేము చెప్పే జవాబు గ్రంథాలయం. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. లోపలికి వెళ్లి పేపరు తీసుకుని కూర్చుంటే ఎందుకొచ్చావని అడిగేవాళ్లు లేరు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలతో ఎప్పుడూ నిండి ఉంటుంది. సుల్తాన్‌బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. కాలేజీవాళ్లు మధ్యాహ్నం రమ్మంటే ఇంటికి పోనక్కర్లేదు, దగ్గరలో ఉన్న గ్రంథాలయానికి పోవాలి. సర్కారు గ్రంథాలయం మన సర్కారు బడి లాంటిదే. అక్కడ కూర్చోవడం ఎవరో చేసే మేలు కాదు, మన హక్కు.

అఫ్జల్‌గంజ్ దాకా వెళ్లినవాళ్లు ఇంకొకటి చూడాలి. పక్కనే ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చి వేలమంది కొట్టుకుపోయినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. అంత పెద్ద పట్నాన్ని ఆ రోజు కోటలు కాపాడలేదు, ఒక చెట్టు కొంతమందిని కాపాడింది. చెట్టును పూజించే మన పిల్లలకు ఈ కథ చెప్పగానే పట్నం కొంచెం దగ్గరవుతుంది. అక్కడి నుంచి నయాపూల్ దాటి, మదీనా మీదుగా నడిస్తే చార్మినార్. చూడటానికి పైసా అక్కర్లేదు, పైకెక్కితేనే టికెట్.

మాసబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. మెహిదీపట్నం వైపు వెళ్లే బస్సులు అక్కడ ఆగుతాయి. మన తెగల నగలు, పనిముట్లు, వాయిద్యాలు అక్కడ పెట్టారు. మా పిల్లల్లో ఒకమ్మాయి చూసి వచ్చి, "మా అవ్వ వాడేవి అక్కడ గాజు పెట్టెల్లో ఉన్నాయి మేడమ్, వాటి పేర్లు నాకు రాసినవాళ్ల కంటే బాగా తెలుసు" అంది. పట్నంలో తాను తెలియనిదాన్ని కాదు, తెలిసినదాన్ని అని ఆ పిల్లకు మొదటిసారి అనిపించింది ఆ గదిలోనే. గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనకరాజు గారు 1981లోనే గణతంత్ర దినోత్సవానికి మన ఆటను ఢిల్లీ తీసుకెళ్లారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పట్నాలకు పోయింది నెమలి ఈకల టోపీ పెట్టుకునే, దాన్ని దాచుకుని కాదు.

నాలుగోది నోరు. ఆదిలాబాద్ వైపు మన పిల్లలకు గోండి వచ్చు, తెలుగు వచ్చు, మరాఠీ, హిందీ ఎంతో కొంత వచ్చు. పాతబస్తీలో దారి అడగడానికి ఆ హిందీ చాలు. ఎవరిని అడగాలన్నది కూడా నేర్పుతాం. బస్సులో కండక్టర్‌ను, బయట పూలమ్మే అమ్మను, చాయ్ దుకాణం పెద్దాయనను అడగాలి. వాళ్లు రోజూ అదే చోట ఉంటారు, అబద్ధం చెప్పి వెళ్లిపోలేరు. తనంతట తాను దగ్గరికొచ్చి "ఎక్కడికమ్మా, నేను చూపిస్తా" అనే మనిషితో మాత్రం వెళ్లవద్దు. కౌన్సెలింగ్ కేంద్రాల బయట ఫారాలు నింపిపెడతామనే దళారులు, ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు మన పిల్లల ముఖాలను ఇట్టే గుర్తుపడతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరే కాలేజీలో రసీదు తీసుకునే ఇవ్వాలి, మధ్యవాళ్ల చేతిలో పెట్టకూడదు. ఆపదలో 112, మహిళలకు 181, పద్దెనిమిది నిండని పిల్లలకు 1098. ఈ మూడు నంబర్లు ఫోన్‌లో కాదు, చేతి మీద రాసుకుని వెళ్లమంటాం. చార్జింగ్ అయిపోయిన ఫోన్ రాయితో సమానం.

ఆడపిల్లలకు మరుగుదొడ్డి పెద్ద సమస్య. దాని గురించి ఎవరూ మాట్లాడరు, పిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా ఉంటారు. అందుకే బస్టాండ్, గ్రంథాలయం, ఆసుపత్రి, రైల్వేస్టేషన్ ఎక్కడున్నాయో ముందే చెబుతాం. చిల్లర విడిగా పెట్టుకోమంటాం. ఒక వంద నోటు మాత్రం బట్టలో కుట్టుకుని, తిరిగి వచ్చేదాకా ముట్టవద్దంటాం. మిగతాది జిరాక్సులకు, ఫొటోలకు, రాత్రి తిండికి. రాత్రి ఎక్కడ ఉండాలో తేలకుండా మాత్రం ఏ పిల్లనూ బస్సెక్కించకూడదు.

ఇవన్నీ మా హాస్టళ్లలో ఎండాకాలం సెలవులకు ముందు ఆదివారాలు నేర్పుతున్నాం. భోజనాల గది నేల మీద సుద్దముక్కతో పట్నం గీస్తాం. ఇక్కడ జేబీఎస్, ఇక్కడ మూసీ, ఇక్కడ గ్రంథాలయం. ఒక పిల్ల కండక్టర్, ఒక పిల్ల గేటు దగ్గర కసిరే వాచ్‌మన్. వాచ్‌మన్ వేషానికే పోటీ ఎక్కువ. "మధ్యాహ్నం రా" అని ఆ పిల్ల గద్దిస్తే, ఎదుటి పిల్ల వెనక్కి తిరగకుండా, "ఎన్ని గంటలకు రావాలి అన్నా, ఎవరిని కలవాలి?" అని అడగాలి. నవ్వుకుంటూ పదిసార్లు అంటే నోటికి వస్తుంది, నిజంగా గేటు దగ్గర నిలబడ్డ రోజు అక్కరకొస్తుంది.

1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ కాలంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టారు. అప్పుడు చదువు మన గూడేనికి నడిచి వచ్చింది. ఇప్పుడు పెద్ద చదువుల కోసం మన పిల్లలే నడిచి వెళుతున్నారు. అందుకని సంఘం పెద్దలను రెండు కోరుతున్నాం. ఒకటి, పట్నంలో ఉద్యోగాలు చేస్తున్న మన అన్నలు, అక్కలు అడ్మిషన్ల నెలల్లో వంతులవారీగా ఒక పూట పిల్లల ఫోన్లకు అందుబాటులో ఉండాలి. వెంట తిరగనక్కర్లేదు, ఫోనెత్తి దారి చెబితే చాలు. రెండు, 2022లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కుమురం భీం ఆదివాసీ భవన్‌లో ఆ నెలల్లో పిల్లలు బ్యాగు పెట్టుకుని, మొహం కడుక్కుని, రెండు గంటలు కూర్చునేందుకు ఒక గది ఇమ్మని సంఘం తరఫున ప్రభుత్వానికి వినతి ఇవ్వాలి.

ఆ నర్సింగ్ పిల్ల ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టుకుంది. సీటు వస్తుందో రాదో చెప్పలేం. వస్తే ఈసారీ ఒంటరిగానే వెళతానంటోంది. ఆమె వెళ్లేలోపు ఆ ఫోన్ నంబర్ల పట్టిక మా చేతికి అందేలా చూడమని పెద్దలను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.

జై సేవా. జై ఆదివాసీ.