భద్రాచలము రేవునుండి ఉస్మానియా

తెలుగునాట విశ్వవిద్యాలయములలో వయసున పెద్దది ఉస్మానియా. దక్షిణభారతమున మద్రాసు (1857), మైసూరు (1916) తరువాత వెలసినది ఇదియే. హైదరాబాదులోని దాని రాతికట్టడములను గూర్చి ఎందరో ప్రసంగించియున్నారు. శ్రోతలతో కలిసి మేము నేడు దానిని భద్రాచలము రేవునుండి చూడదలచితిమి.

ఆ రేవు ఒకప్పుడు రెండు ఏలుబడుల పొలిమేర. ఈ ఒడ్డున భద్రాచలము, 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరినది. ఆ ఒడ్డున బూర్గంపాడు, నిజాము రాజ్యము. ఒకే యేటి నీరు త్రాగిన ఇద్దరు పిల్లలలో పై చదువునకై ఒకడు ఖమ్మముమెట్టున రైలెక్కి హైదరాబాదునకును, మరియొకడు పడవెక్కి రాజమహేంద్రవరమునకును పోవలసియుండెను.

అక్బర్ హైదరీగారి విజ్ఞాపనపై 1917 ఏప్రిల్ 26న నిజాము ఫర్మానా వెలువడినది. 1918లో విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1919 ఆగస్టు 28న 225 మంది విద్యార్థులతో పాఠములు ఆరంభమైనవి. బోధనభాష ఉర్దూ, ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యము. పుస్తకములు లేవు గనుక దారుల్ తర్జుమా అను అనువాద శాఖను ముందే నెలకొల్పి చరిత్ర, గణితము, రసాయనము, న్యాయశాస్త్రము ఉర్దూలోనికి తెచ్చిరి. మాటలు లేనిచోట మాటలు పుట్టించిరి. ఇంగ్లీషు రాజ్యమేలు దినములలో దేశభాషలో రసాయనశాస్త్రము చెప్పుట సామాన్య సాహసము కాదు. ఆ కీర్తిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు.

అయితే ఆ దేశభాష ఎవరి యింటిది? రాజ్యమున సుమారు సగము మంది తెలుగువారు. పరభాషా భారము తొలగించుటకై పుట్టిన సంస్థ, ఖమ్మము పిల్లవాని భుజమున మరియొక భాషను మోపినది. తెలుగు లేకపోలేదు, రాయప్రోలు సుబ్బారావుగారివంటి కవియే ఆచార్యులు. కాని అది ఒక పాఠ్యవిషయము మాత్రమే. 1938లో వసతిగృహములలో వందేమాతరము పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టగా, పలువురు నాగపూరు విశ్వవిద్యాలయమున చేరి చదువు సాగించిరి.

ఆవలి పిల్లవాడు మాత్రము సుఖపడెనా? 1926లో కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసి, 1930లో వాల్తేరు చేరినది. పేరు ఆంధ్రము, పాఠము ఇంగ్లీషు! ఇక అడవిలోని కోయ పిల్లవానికి తెలుగే రెండవ భాష. వానిని తలచి ఆ దినములలో ఏ ఒడ్డునను పుస్తకము వ్రాయబడలేదనియే మా తలంపు.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమును ఇంగ్లీషు ఆక్రమించినది. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసినది. 1965లో గోదావరిపై వంతెనను ప్రారంభించినది రాష్ట్రపతి రాధాకృష్ణగారు. వాల్తేరున రామలింగారెడ్డిగారి పిమ్మట ఉపాధ్యక్షులైనవారు వీరే. 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడి, ఖమ్మము కళాశాలలు దాని క్రిందికి వచ్చినవి.

మేమెరిగిన యొక యింట, అటుకమీది పెట్టెలో, దారుల్ తర్జుమా అచ్చువేసిన గణితగ్రంథ మొకటి యున్నది. తాతగారు దానితోనే పరీక్ష నెగ్గిరట. అందలి లెక్కలు మనుమలకు వచ్చును, లిపి రాదు.