పెట్టుబడిదారుల ముందు ఒక పూట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెట్టుబడిదారులకు కంపెనీని పరిచయం చేసే సభను పదికాలాలు గుర్తుండేలా ఎలా జరపాలో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. మన బడిలో చదివినవాళ్ళు ఈమధ్య కొందరు సొంత కంపెనీలు పెట్టారట, వాళ్ళకు పనికొస్తుందన్నారు. నేను మాటకారిని కాను. బోరు మోటార్లకు స్టార్టర్లు చేసుకునే ఇంజనీరుని. అలాంటి సభ నా జన్మలో ఒక్కటే జరిపాను. దాని గురించే చెప్తాను.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే చాలామందికి ఇది తెలియదు. మనలాంటి ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ తన షేర్లను ఊరందరికీ అమ్మజూపకూడదు. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షను, దాని కింది నిబంధనల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ఆఫర్ ఇవ్వకూడదు. మ్యూచువల్ ఫండ్ల లాంటి అర్హత గల సంస్థలు ఆ లెక్కలోకి రావు. పేపర్లో ప్రకటనలు, రోడ్డు మీద ఫ్లెక్సీలు పనికిరావు. "మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెడదామా?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. పెట్టొద్దు నాయనా. ముందు కంపెనీ సెక్రటరీని అడుగు.

మా స్టార్టరు చేసే పని చిన్నది. బోరులో నీళ్ళు అయిపోతే మోటారు ఖాళీగా తిరిగి కాలిపోతుంది. ఖాళీగా తిరిగే మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. ఆ తగ్గుదలను పసిగట్టి మా స్టార్టరు మోటారును ఆపేస్తుంది. అప్పటికి 300 అమ్మాం. 22 మోటార్లు కాలిపోయాయని ఫిర్యాదులొచ్చాయి. వైండింగు నాసిరకమని మేమే సర్దిచెప్పుకున్నాం.

నా భాగస్వామి కూడా మన బడి వాడే, నా బెంచీ వాడే. వాడికి ఎల్ఈడీ తెర, పొగ, సంగీతం, యాంకరమ్మ కావాలి. ఈవెంటు వాళ్ళు చెప్పిన రేటు మా నెల జీతాల కన్నా ఎక్కువ. ఆ డబ్బుతో వేరే పనులు చేద్దామన్నాను. మా స్టార్టరు వాడుతున్న ఇద్దరు రైతులను కారులో పిలిపించాం. నీళ్ళు పైకి కనిపించేలా అద్దాల తొట్టి చేయించి, దాని మీద ఒక హెచ్‌పీ మోటారు బిగించాం. ఆదాయం, అప్పులు, బ్యాంకు బ్యాలెన్సు నాలుగు పేజీల్లో అచ్చువేయించి, వారం ముందే అందరికీ పంపాం. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ ఉత్తరం బయటికొచ్చి, 5,040 కోట్ల నగదు లెక్కల్లో తప్ప బ్యాంకులో లేదని తేలాక, హైదరాబాదులో ఎవరైనా ముందు అడిగేది బ్యాంకు స్టేట్‌మెంటే. అడగకముందే ఇవ్వడం మేలు. సభ పొద్దున పదిన్నరకు పెట్టాం. సాయంత్రం పెడితే మందు గుర్తుంటుంది, కంపెనీ గుర్తుండదు.

ముందురోజు రాత్రి హోటల్ హాల్లో రిహార్సల్. రిహార్సల్ ఆఫీసులో కాదు, ఆ హాల్లోనే, ఆ కరెంటు మీదే చెయ్యండి. ఎందుకంటారా? తొమ్మిదింటికి కరెంటు పోయి జనరేటరు వచ్చింది. తొట్టిలో నీళ్ళు అయిపోయాయి. మోటారు ఆగలేదు. ఖాళీగా గిర్రున తిరుగుతూనే ఉంది. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే.

"రేయ్, బల్ల కింద ఒక స్విచ్ పెడదాం. నీళ్ళు అవగానే నేను నొక్కుతాను. రేపొక్క పూటే కదా, తర్వాత సరిచేద్దాం" అన్నాడు మావాడు. వాడు మోసగాడు కాడు. ఇల్లు తాకట్టులో ఉంది, పద్నాలుగు మంది ఉద్యోగులకు రెండు నెలల జీతం డబ్బులే మిగిలాయి. నేనేదో వద్దన్నానని అనుకోకండి. సరేనన్నాను. వైరు కొలిచి కోసింది నేనే.

హోటల్ ఎలక్ట్రీషియన్ కుర్రాడు బల్ల గుడ్డ కింద ఆ వైరు లాగుతూ మీటరు పెట్టి చూశాడు. 256 వోల్టులు. "మా ఊళ్ళో రాత్రిపూట ఇంతే సార్, బల్బులు మాడిపోతాయి" అన్నాడు.

వోల్టేజి బాగా పెరిగితే ఇనుము సంతృప్తమై, ఖాళీ మోటారు కూడా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు మా స్టార్టరుకు తగ్గుదల కనిపించదు. తప్పు జనరేటరుది కాదు, మాది. ఫిర్యాదుల రిజిస్టరు ఫోనులో తెప్పించి చూశాను. 22లో 17 రాత్రి కాలినవే. ఆ లైను మీదనుంచి కళ్ళు తీయలేకపోయాను.

1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఎలీషా ఓటిస్ లిఫ్టు పలక మీద తానే నిలబడి, పైన తాడు కోయించాడు. పలక కొద్దిగా జారి ఆగింది. దాన్ని సాహసమంటారు గానీ, నాకు నచ్చింది అక్కడ నిజంగానే తాడు కోయడం. 2018లో నికోలా అనే అమెరికా కంపెనీ తన ట్రక్కు రోడ్డు మీద పరిగెడుతున్నట్టు వీడియో పెట్టింది. అది వాలు మీద దొర్లిందని 2020లో బయటపడింది. వ్యవస్థాపకుణ్ణి 2022లో జ్యూరీ మోసం కేసులో దోషిగా తేల్చింది. తర్వాత అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు, అది వేరే కథ. ఆ రాత్రి నాకు ఇవేవీ గుర్తుకు రాలేదు, నిజం చెప్పొద్దూ. ఆ 17 మంది రైతుల ఊళ్ళ పేర్లే కనిపించాయి. ఒంటిగంట దాకా పోట్లాడుకుని, వైరు తీసేశాం. మావాడు నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకన్నా ముందే వచ్చాడు.

31 మంది వచ్చారు. మామూలు కరెంటు మీద మోటారు ఆగింది, చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు జనరేటరు మీద చూపిస్తాం, ఆగదు" అన్నాను. ఆగలేదు. ఇరవై లెక్కపెట్టి చేత్తో ఆపాను. కారణం చెప్పాను, 17 అంకె చెప్పాను, కరెంటుతో పాటు పవర్ ఫ్యాక్టరు కూడా కొలిస్తే సరిపోతుందని, దానికి ఎంత ఖర్చవుతుందో చెప్పాను. ఒక పెద్దాయన లేచి, "మీరు అమ్మడానికి పిలిచారా బాబూ, ఒప్పుకోడానికి పిలిచారా?" అన్నారు. హాలంతా నవ్వింది. ప్రశ్నలకు ఇరవై నిమిషాలు అనుకుంటే గంటన్నర పట్టింది. ఎక్కువ ప్రశ్నలు నాకు కాదు, రైతులకు వేశారు.

ఇద్దరు భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు. అనుకున్న సొమ్ములో సగం కూడా రాలేదు, ఆ వచ్చింది కూడా ఏడు నెలలకు. ఈలోగా మావాడు ప్లాటు అమ్ముకున్నాడు. ఆ అప్పు నాకింకా ఉంది, డబ్బు రూపంలో తీరినా. పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఒకాయన సంతకానికి ముందు మాతోపాటు రాత్రి పదకొండింటికి బోరు దగ్గరికొచ్చి, టార్చి తానే పట్టుకుని మీటరు చూశారు. 300 స్టార్టర్లలోనూ బోర్డు మార్చి ఇచ్చాం.

మీరు చేసేటప్పుడు ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి. లెక్కలు రాసిన మనిషిని వేదిక మీదే కూర్చోబెట్టండి. మా అకౌంటెంటు వెనక వరుసలో కూర్చుంటే, ప్రతి ప్రశ్నకూ నేను మెడ తిప్పాల్సొచ్చింది.

బయట వరండాలో ఎనిమిదో తరగతి పిల్లలు నీటి పంపు మోడల్ పెట్టారు. పొద్దున అది తిరగడం లేదని ఒక పాప మొహం చిన్నబుచ్చుకుంది. అమ్మా, మల్టీమీటరు నా కారులో ఉంది. భోజనాలకు ముందు వస్తాను, ఇద్దరం చూద్దాం. సెలవు.