నిద్రలో లేచిన పిల్లి

అరుగుమీద నిద్రించుచున్న కుక్క ఒక్కొక్కప్పుడు పాదములు చిన్నగా కదల్చును, మీసము లదరును, గొంతులో సన్నని మూలుగు వినబడును. పిల్లలు చూచి, కుక్కకు కల వచ్చిన దందురు. కలయే వచ్చినచో అది లేచి పరుగెత్తక అచటనే ఏల పడియున్నది? ఈ ప్రశ్నను పట్టుకొని దశాబ్దములు పనిచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ మారిసన్. ఆయన మొదట చదివినది పశువైద్యము. కార్నెల్ విశ్వవిద్యాలయమున ఆ పట్టము పొంది, ఇటలీలోని పీసా నగరమున పొంపెయానో అను శాస్త్రవేత్తయొద్ద నిద్రను గూర్చి పరిశోధించి, పిమ్మట ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాలలో ఆచార్యుడయ్యెను.

నిద్ర యంతయు ఒక్క తీరుగ నుండదని 1953లో చికాగో శాస్త్రజ్ఞులు ఎసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ చూపిరి. నిద్ర నడుమ కొంత కొంతసేపు మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వేగముగ కదలును. అప్పుడు లేపబడినవారిలో పెక్కుమంది తమకు కల వచ్చుచుండెనని చెప్పిరి. 1959లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున మిషెల్ జూవే మరియొక వింతను కనుగొనెను. ఆ సమయమున పిల్లి మెదడు మేల్కొన్నట్లే యుండును. మెడ కండరములు మాత్రము పూర్తిగ సడలిపోవును. 1965 నాటికి ఆయన మెదడు కాడలో పాన్స్ అను భాగమున కొంత చోటును దెబ్బతీయగా, పిల్లి నిద్రలోనే లేచి తిరుగసాగెను.

మారిసన్ ఈ పనిని ముందుకు సాగించెను. 1982లో ఆయనయు, శిష్యురాలు జోన్ హెండ్రిక్స్ మొదలగువారును ప్రకటించిన వ్యాసము ప్రకారము, దెబ్బ తగిలిన చోటును బట్టి పిల్లి నడత మారుచున్నది. ఒకటి తల యెత్తి దేనినో పరికించినట్లు చూచును. ఒకటి లేచి నడచును. ఇంకొకటి ఎదుట లేని శత్రువుపైకి దుముకును. అయినను అది నిద్రయే. దేహమును బంధించు సంకెల ఒక్కటే కాదని, నడకను, దాడిని అదుపున నుంచు త్రోవలు వేరు వేరని దీనివలన తెలిసినది. ఆ పిల్లి ఏమి కలగన్నదో మాత్రము పిల్లియే చెప్పవలెను!

మెలకువలో హఠాత్తుగ చప్పుడైనచో పిల్లి మెదడులో ఒక తరంగము లేచును. అట్టి తరంగములే కలల నిద్రలో ఏ చప్పుడును లేకయే లేచును. బయట నిశ్శబ్దముగ నుండగా మెదడు లోలోపలనే ఉలికిపడుచున్నదని మారిసన్ భావము.

ఇది పిల్లుల కథగానే ముగియలేదు. 1986లో మినియాపొలిస్ వైద్యులు షెంక్, మహోవాల్డ్ మొదలగువారు, ముఖ్యముగ వృద్ధ పురుషులలో, నిద్రలో అరచుచు, పిడికిళ్లు విసరుచు, మంచముపైనుండి దుముకు వారిని గూర్చి వ్రాసిరి. ప్రక్కన పరుండిన భార్యలకును దెబ్బలు తగులుట కలదు. 1996లో అదే బృందము, ఇట్టి 29 మంది పురుషులలో 11 మందికి తరువాత పార్కిన్సన్ వంటి వణుకువ్యాధి కనబడెనని తెలిపినది. మన యిండ్లలో ఇట్టివారున్నచో గాలి సోకినదని ఊరకుండక వైద్యునకు చూపుట మేలు.

ఇక పశువులకు చికిత్స నేర్చినవాడే పిల్లులను గాయపరచవచ్చునా? ఈ ప్రశ్న తేలికైనది కాదు. కోతుల ప్రయోగములపై విచారణ నెదుర్కొన్న ఎడ్వర్డ్ టాబ్ అను శాస్త్రజ్ఞుని పక్షమున మారిసన్ మాటలాడెను. 1990 జనవరిలో జంతువిముక్తి దళమువారు ఆయన పరిశోధనశాలలో చొరబడి కాగితములను, దృశ్యఫలకములను ఎత్తుకొనిపోయిరి. ఆయన భయపడి నోరు మూసికొనలేదు. జంతువులపట్ల మనకు బాధ్యత కలదని, రోగియైన మనుష్యునిపట్ల అంతకు మించినది కలదని వాదించుచు 2009లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ పిల్లులను తలచి మనసు నొచ్చుకొనువారిని నేను తప్పుపట్టను. తలుపులు పగులగొట్టినవారిని మాత్రము సమర్థింపజాలను.

హెండ్రిక్స్ కూడ పశువైద్యురాలే. ఆమె 1987లో మారిసన్ మొదలగువారితో కలిసి బుల్‌డాగ్ జాతి కుక్కల నిద్రను పరిశీలించెను. వాని ముక్కు పొట్టి. అంగుటి మెత్తని భాగము పెద్దది. కలల నిద్రలో కండరములు సడలగానే గొంతు ఇరుకై ఊపిరి ఆగును. రక్తములో ప్రాణవాయువు తగ్గును. గురకపెట్టు మనుష్యులలో కొందరి బాధ ఇదియే. ఈ కుక్కలకు ఈ రోగమును పరిశోధనశాలలో నెవరును కలిగింపలేదు. అందమునకై పొట్టిముక్కును కోరి తరతరములుగ పెంచినవారే తెచ్చిపెట్టిరి.