మనుమడి చేతికి మోపెడ్
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలలో మోపెడ్ గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఈ హాలు బయట చెట్టుకింద నిలిపిన బండ్లలో సగం అవే.

1972లో లూనా, 1980లో టి.వి.ఎస్.-50 వచ్చాయి. మనలో చాలామంది సైకిలు దిగి నేరుగా వాటిమీదకు ఎక్కినవాళ్లమే. అందుకే మోపెడ్‌ను సైకిలుకు తమ్ముడనుకుంటాం గాని, మోటారు వాహనమనుకోము. చిక్కంతా అక్కడే ఉంది.

మన సభ్యులొకరి సంగతి వారి అనుమతితోనే చెబుతున్నాను. పేరు అడగవద్దు. పోయినేడాది ట్యూషనుకు వేళ మించిపోతోందని, ఇంటరు మొదటి సంవత్సరం చదివే మనుమడికి తాళంచెవి ఇచ్చారు. కుర్రవాడికి పదహారు నిండాయి. బండి టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. 100. గేర్లు లేనిదే గదా అన్నది తాతగారి ధైర్యం. మలుపులో సైకిలుమీద వస్తున్న ఆకుకూరలాయనను గుద్దాడు. ఆయన కాలు రెండుచోట్ల విరిగింది. పిల్లవాడి మోచేయి గీసుకుపోయింది, అంతే. ఆర్.సి. తాతగారి పేర ఉంది గనుక కేసు ఆయనమీదకూ వచ్చింది. ఆకుకూరలాయన మూడు నెలలు వీధిలోకి రాలేదు. ఆ ఇల్లు ఎలా గడిచిందో మనలో ఎవరూ అడగలేదు.

ముప్పయ్యేడేళ్లు ఫైళ్లు చూసినవాణ్ణి గనుక చట్టం తెరిచి చూశాను. 1988 మోటారు వాహనాల చట్టం 4వ సెక్షనులో మొదట "గేరు లేని మోటారు సైకిలు" అనే ఉండేది. 1994లో దాన్ని సవరించి, ఇంజను సామర్థ్యం 50 సి.సి. మించనిది అని మార్చారు. జనం నోట మాత్రం పాతమాటే నిలిచింది. ఎక్స్.ఎల్. 100 ఇంజను 99.7 సి.సి. అంటే పద్దెనిమిది నిండవలసిందే. 50 సి.సి. లోపు బండికైనా మైనరుకు లైసెన్సు కావాలి, పెద్దవారి వ్రాతపూర్వక అంగీకారం కావాలి.

2019 సెప్టెంబరు 1 నుంచి 199ఎ సెక్షను వచ్చింది. మైనరు నేరం చేస్తే సంరక్షకుడో, వాహన యజమానో దోషి. మూడేళ్లవరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. కుర్రవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందని యజమాని రుజువు చేసుకోవచ్చు. తాళంచెవి స్వయంగా చేతికిచ్చినవాడు ఏమని రుజువు చేస్తాడు? ఇక బీమా ఉందిగదా అంటారు. లైసెన్సు లేని కేసులలో కోర్టులు చాలాసార్లు కంపెనీని ముందు బాధితుడికి చెల్లించమని, ఆ సొమ్ము యజమాని దగ్గర రాబట్టుకోమని అంటాయి. ఆ యజమాని ఒకటో తారీఖు కోసం ఎదురుచూసే మనిషి.

సోదరీమణులకు ఒక్కమాట. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. నాలుగేళ్లు దాటినవారెవరికైనా హెల్మెట్టు తప్పనిసరని చట్టం. ఇక్కడికి వచ్చిన బండ్లు చూశాను. ముందున్నాయన తలకు ఉంది, వెనుకనున్నావిడకు కొంగు ఉంది. కొప్పు నలుగుతుందంటారు మా ఇంట్లో కూడా. పెద్దసైజుది కొన్నాక ఆ మాట తగ్గింది.

భోజనాల తరువాత రిజిస్టరు బల్ల దగ్గర కూర్చుంటాను. మీ ఆర్.సి. తీసుకురండి, సి.సి. గడి ఎక్కడుందో చూపిస్తాను. లైసెన్సులు కూడా తెండి. యాభై అయిదు దాటాక రెన్యువలు అయిదేళ్లకే ఇస్తారు, గడువు దాటినవి మనలో ఎన్ని ఉన్నాయో చూద్దాం.