సెకండులో నూరవవంతు
(పఠనమందిరమున జరిగిన యుపన్యాసము)



పడవ పందెములలో తేలికవర్గ మనునది యొకటి కలదు. దానియందు పోటీచేయు స్త్రీ యెవ్వతెయు 59 కిలోగ్రాములకు మించి తూగరాదు. జంటపడవ యైనచో ఇరువురి సగటు 57 కిలోగ్రాములు దాటరాదు. పందెమునకు ఒకటి రెండు గంటల ముందు వారిని త్రాసుపై నిలిపి తూచుదురు. పిమ్మట చేతికొక తెడ్డు చొప్పున పట్టి, గమ్యమునకు వీపు చూపుచు, 2000 మీటరుల దూరమును వారు దాటవలెను. గోదావరిపై ఎదురునీటిలో తెడ్డువేయు పడవవారిని చూచినవారికి ఇందలి శ్రమ కొంత యూహకు రాగలదు. ఈ వర్గమున కీర్తిగాంచిన యొక యువతి చరిత్రమును నేడు మీకు విన్నవింప దలచితిమి.

ఆమె పేరు ఇమొజెన్ గ్రాంట్. కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలయందు వైద్యవిద్యార్థినిగా చేరిన పిదపనే ఆమె తెడ్డు పట్టుట నేర్చెను. బాల్యమునుండి సాధన చేసినవారితో పోల్చిన నిది యాలస్యమే. అయినను 2017, 2018 సంవత్సరములలో థేమ్సునదిపై ఆక్సుఫర్డును గెలిచిన స్త్రీల పడవలో ఆమె యుండెను. ఆ పందెమున బరువునకు హద్దు లేదు. తనకంటె భారీ కాయముగల వారి నడుమ కూర్చుండి ఆమె తన పాలు తాను నెరవేర్చెను.

2021 జూలై 29వ తేదీన టోక్యో ఒలింపిక్సులో ఎమిలీ క్రెయిగ్‌తో గూడి ఆమె జంటపడవ తుది పందెమున దిగెను. ఇటలీవారు 6 నిమిషముల 47.54 సెకండులలో ప్రథములైరి. పిమ్మట ఫ్రాన్సు. మూడవవారైన హాలెండు జంట కాలము 6 నిమిషముల 48.03 సెకండులు, వీరి కాలము 6 నిమిషముల 48.04. అనగా సెకండులో నూరవవంతు మాత్రమే భేదము! ఆ వేగమున నది నీటిపై అయిదు సెంటిమీటరులైనను కాదు. మూడు వ్రేళ్ల వెడల్పు. అంతమాత్రమునకే పతకము చేజారెను.

ఇట్టి పరాజయమునకు నిందింప దగినవారెవ్వరును లేరు. అదియే దాని కాఠిన్యము. ఆమె వైద్యవిద్యకు మరలి దానిని ముగించెను, తెడ్డును విడువలేదు. ఆ జంటయే 2022, 2023 సంవత్సరములలో లోకవిజేత యయ్యెను. 2024 ఆగస్టు 2వ తేదీన పారిసు ఒలింపిక్సులో 6 నిమిషముల 47.06 సెకండులలో గమ్యము చేరి స్వర్ణపతకము గొనెను. రెండవవారైన రుమేనియా జంట సెకండున్నరకు పైగా వెనుకబడెను.

అయితే ఆ విజయముతోడనే ఆ ద్వారము మూయబడినది. 1996లో అట్లాంటాయందు ప్రవేశించిన తేలికవర్గము పారిసుతో ఒలింపిక్సునుండి తొలగెను. 2028లో లాస్ ఏంజిలిసునందు దానికి మారుగా సముద్రతీరపు పడవ పందెములు రానున్నవి. బరువు తగ్గించుకొనుటకై క్రీడాకారులు ఆకలిదప్పులకు లోనగుదురనియు, అది యారోగ్యమునకు హాని యనియు కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. దానిని మేము తోసిపుచ్చము. కాని పొడగరులకును బలిష్ఠులకును సహజముగా అనుకూలించు నీ క్రీడయందు చిన్నమేని వారికి, అట్టివారు హెచ్చుగా గల దేశములకు, చోటు కల్పించుటకే గదా ఈ వర్గ మేర్పడినది? దోషమును దిద్దుటకు తూనికనియమములను సవరింపవచ్చును. వైద్యుల పర్యవేక్షణ నేర్పరుపవచ్చును. రోగమునకు మందీయక రోగినే వెలివేయుట న్యాయమని మాకు తోచదు.

సోదరులారా! పతకము లోకమునకు కనబడును. టోక్యోకును పారిసుకును నడుమ మూడేండ్ల ప్రాతఃకాలపు సాధన యెవ్వరికిని కనబడదు. మన పిల్లలు పరీక్షలో తప్పినను, ఆటలో ఓడినను, ఆ మూడు వ్రేళ్ల వెడల్పును వారికి జ్ఞాపకము చేయుడు. మరల తెడ్డు పట్టినవారికే ఆ యెడము తరుగును.